కనిపించే పెట్టె

కెనా స్టేషన్‌లో రైలు దిగిన విదాద్‌ని బుష్రా పలకరించనైనా లేదు. ఆమె వెనక తెరిచి ఉన్న రైలుపెట్టె తలుపు కేసే చూస్తూ నిలబడ్డాడు. అందులోంచి కూలీలెవరూ దిగలేదు, సామానూ దిగలేదు. రైలు కూత పెట్టి లక్సర్ వైపు కదిలింది.

"డాక్టరమ్మా, సామాను రైల్లోనే ఉండిపోయింది!" అని నెత్తి కొట్టుకున్నాడు.

"సామాను ఇదే," అని విదాద్ భుజానికున్న గుడ్డసంచి చూపించింది. "నేను డాక్టర్ని కాదని నీకెన్నిసార్లు చెప్పాలి బుష్రా?"

కైరో నుంచి కళ్ళజోడు పెట్టుకుని దిగిన మనుషులందరూ బుష్రా లెక్కలో డాక్టర్లే. విదాద్ జానపద భాండాగారంలో పాటలు రికార్డు చేసే ఉద్యోగి. ఈ ఊళ్ళకి వచ్చినప్పుడల్లా అతని టాక్సీలోనే తిరుగుతుంది. అతను ఆమె సంచిని అందుకుని బరువు చూసి, నమ్మకం కుదరక మళ్ళీ ఓసారి ఎగరేసి చూశాడు.

"అప్పట్లో మీ అల్యూమినియం పెట్టెలు మొయ్యలేక మా బావమరిది, నేనూ చచ్చేవాళ్ళం. రామ్సెస్ రాజుని ముక్కలు చేసి పట్టుకెళ్తున్నారేమో అనుకునేవాణ్ణి. ఇప్పుడేంటి, ఇందులో ఒక సబ్బుబిళ్ళ ఉన్నట్టుంది."

"సబ్బుబిళ్ళంతే ఉంటుంది. పని మాత్రం వాటికంటే బాగా చేస్తుంది."

"పిట్ట కొంచెం కూత ఘనమా?"

"అంతే అనుకో."

ఆమె కారు వెనకసీట్లో జాగ్రత్తగా, ముందు ఒక పక్క ఆనించి, తర్వాత రెండో పక్క జరుపుకుంటూ కూర్చుంది. నడుముకి బెల్టు ఉంది. ఆ పెట్టెలు మోసి మోసి వెన్నులో రెండు పూసలు అరిగాయని డాక్టరు చెప్పిన రోజున ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆఫీసు మీటింగులో లేచి నిలబడి, సంచిలో పట్టే ఈ చిన్న రికార్డరు కొనండి, లేకపోతే పెట్టెలు మోసే మనిషిని వేరే చూసుకోండి అని తెగేసి చెప్పింది. కొన్నారు. ఈసారి రైల్లో కాళ్ళు చాపుకుని, చెరకు తోటలు చూస్తూ, టీ తాగుతూ వచ్చింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అలా రావడం అదే మొదలు.

పాటలు పాడే ఖద్రా తన ఇంటి వాకిట్లోనే ఎదురైంది. మెడకి నల్లగుడ్డ చుట్టుకుని ఉంది. విదాద్ రెండు చేతులూ పట్టుకుని, బుగ్గలు తాకించి, ఆమె భుజం మీదుగా బయటికి తొంగి చూసింది.

"పెట్టెలేవీ?" అంది. ఆ మాటలో సగం గాలే ఉంది.

విదాద్‌ని తాకింది పెట్టెల సంగతి కాదు, ఆ గొంతు. పన్నెండేళ్ళ కిందట ఈ ఇంట్లో ఖద్రా పెళ్ళిపాటలు, హజ్‌కి వెళ్ళేవాళ్ళని సాగనంపే పాటలు పాడుతుంటే గాజుగ్లాసులు అదిరేవి. శోకం పాటలు మాత్రం పాడలేదు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలోనూ ఆమె పేరు చెప్పుకునేది ఆ శోకాలకే. 'చావు లేని ఇంట్లో శోకం పాడితే చావుని పేరు పెట్టి పిలిచినట్టే, వస్తుంది' అంది అప్పుడు. ఆ వారం ఊళ్ళో ఎవరూ పోలేదు. వారం అయ్యాక పెట్టెలు కట్టుకుని విదాద్ వెళ్ళిపోయింది. ఇప్పుడు శనివారం నాడు అస్యూత్ ఆసుపత్రిలో ఖద్రా గొంతులోని గడ్డని కోసి తీస్తారు. గడ్డతో పాటు గొంతూ పోతుంది.

కోడలు ఇబ్తిసామ్ నల్లటి టీ తెచ్చింది. ఎండలో పొంగిన రొట్టె, పాత జున్ను ముందు పెట్టింది. విదాద్ తిన్నంతసేపూ ఖద్రా ఓపిగ్గా కూర్చుని, గ్లాసు కింద పెట్టగానే మళ్ళీ అడిగింది.

"పెట్టెలు బుష్రా తెస్తాడా?"

విదాద్ సంచిలోంచి చిన్న రికార్డరు తీసి చాప మీద పెట్టింది. "ఇదే పిన్నీ. పెట్టెలన్నీ ఇందులోకే వచ్చేశాయి."

ఖద్రా దాన్ని ముట్టుకోలేదు. కాలి దగ్గరికి తేలు వచ్చినట్టు పాదం వెనక్కి తీసుకుంది. "ఇది ఫోను."

"ఫోను కాదు. ఆ పెద్దదానికంటే దీనికి బాగా వినపడుతుంది. నువ్వు గుసగుసలాడినా పట్టుకుంటుంది."

"దొంగ చెవులకి ఎప్పుడూ బాగానే వినపడుతుంది," అంది ఖద్రా. తర్వాత దగ్గుతెర వచ్చి మాట ఆగిపోయింది. కోడలి వైపు చెయ్యి ఊపింది, నువ్వు చెప్పు అన్నట్టు.

ఇబ్తిసామ్ చేతులకున్న పిండి దులుపుకుంటూ గుమ్మంలో కూర్చుంది. "మూడేళ్ళయింది వదినా. ఒక చావింట్లో మా అత్త శోకం పాడుతుంటే ఎవరో ఫోన్లో పట్టేశారు. ఎవరో ఇప్పటికీ తెలీదు. అది ఈ ఫోన్లోంచి ఆ ఫోన్లోకి తిరిగింది. తర్వాత మా ఎదురింటి ఉమ్ హాషిం మనవడికి పుట్టిన ఏడోరోజు పండగ వచ్చింది. బిడ్డని జల్లెడలో పెట్టి ఊపుతున్నాం, రోలు మోగిస్తున్నాం. పాటలు పెట్టవే అంటే ఏ పిల్లో ఫోను నొక్కింది. మా అత్త గొంతు లేచింది. చిన్న పాడె, పొడుగు దారి అంటూ. బిడ్డ ఇంకా జల్లెడలోనే ఉన్నాడు వదినా! మర్నాటికి పచ్చకామెర్లు."

"అయ్యో. పోయాడా?"

"పోవడమేంటి, నిక్షేపంలా ఉన్నాడు. నిన్ననే మా మేక మీద రాయి విసిరాడు. కానీ మా అత్తే చావుని పిలిచిందని ఉమ్ హాషిం ఊరంతా చెప్పుకొచ్చింది. అప్పట్నుంచీ ఒక్క చావింటికి కూడా అత్తని పిలవలేదు."

"ఫోను పట్టిందెవరో, నొక్కిందెవరో కదా?"

"గొంతు ఎవరిది?" అంది ఖద్రా. దగ్గు తగ్గింది. "అందరికీ తెలిసేది గొంతేగా. చూడమ్మాయ్, నీ పెద్ద పెట్టె నలుగురి ముందూ వీధి తలుపులోంచి వచ్చింది. దానికి కాళ్ళుండేవి. చుట్టానికి పీట వేసినట్టు వేసి నిలబెట్టేదానివి. పాట అయ్యాక మూత వేసి తాళం పెట్టేదానివి. ఊళ్ళోవాళ్ళందరికీ తెలుసు, ఖద్రా పాట ఫలానా పెట్టెలో ఉంది, పెట్టె కైరోలో ఉంది అని. జేబులో దూరేదానికి నేను పాడను."

విదాద్ ఎంతసేపు చెప్పినా ఆమె ఆ మాట మీదే ఉంది. నడుం సంగతి చెబితే మాత్రం జాలిపడి, ఇబ్తిసామ్ చేత ఆవనూనె కాచి రాయించింది.

విదాద్ మేడ మీదికి వెళ్ళి కైరోకి ఫోను చేసింది. భాండాగారం పెద్ద, డాక్టర్ ముఅతజ్, నిజంగానే డాక్టరు. పాత పెద్ద సెట్టు పంపించమంటే ఆయన నవ్వాడు.

"ఏ సెట్టు? నీ మాట మీదే కదా దాన్ని స్టోర్లో పడేసి ఇది కొన్నాం? బ్యాటరీలు కూడా చచ్చిపోయి ఉంటాయి. అయినా ఇందులో క్వాలిటీ బాగుందని రిపోర్టు రాసింది నువ్వే."

"క్వాలిటీ బాగుంది. ఆవిడ ఒప్పుకోవట్లేదు."

"ఒప్పుకోవడం ఎందుకమ్మా? చిన్నది కొన్నదే అందుకు కదా. జేబులో పెట్టుకుని పక్కన కూచో. ఆవిడ ఏదో ఒకటి పాడకపోదు. శనివారం తర్వాత ఆ గొంతు భూమ్మీద ఉండదు, అది ఆలోచించు."

ఫోను పెట్టేశాక విదాద్ పిట్టగోడ మీద మోచేతులు ఆనించి వీధిలోకి చూసింది. చెరకు బళ్ళు ఫ్యాక్టరీ వైపు వరసగా పోతున్నాయి. ఇన్నేళ్ళూ మోయలేనన్నప్పుడు ఎవరూ వినలేదు. మోయక్కర్లేదన్నాక ఇప్పుడు పెట్టె ఏదీ అంటున్నారు. నవ్వొచ్చే సంగతే, కానీ ఆమెకి నవ్వే ఓపిక లేదు.

మర్నాడు పొద్దెక్కుతుండగా వీధి చివర కేకలు లేచాయి. చెరకు బండి తోలే ముసలి సబీర్ పోయాడు. ఆడవాళ్ళు నల్లముసుగులు సర్దుకుంటూ ఆ ఇంటివైపు నడిచారు. ఖద్రా గుమ్మం ముందు నుంచే వెళ్ళారు, కానీ ఒక్కతె కూడా ఆగి రమ్మనలేదు. ఉమ్ హాషిం అయితే వీధికి అవతలి పక్కకి జరిగి మరీ పోయింది. ఇబ్తిసామ్ ఒక్కతే ఇంటి తరఫున వెళ్ళింది.

ఖద్రా గడప మీద కూర్చుంది, విదాద్ ఆమె పక్కన చేరింది. కాసేపటికి చావింటి నుంచి శోకం వినపడింది. ఉమ్ హాషిం పాడుతోంది. పెద్ద గొంతే, కానీ ముసలివాడికి పడుచువాడి పదాలు కడుతోంది. తలపాగా అనాల్సిన చోట పెళ్ళిచొక్కా అంటోంది. వంత పాడేవాళ్ళు ఎక్కడ అందుకోవాలో తెలియక తడబడుతున్నారు.

"అట్లా కాదే," అంది ఖద్రా మెల్లిగా, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు. మోకాలి మీద వేలితో తాళం వేసింది. "ముసలాయనకి ముందు బండి కట్టాలి. బండి లేకుండా సబీర్ని ఎట్లా పంపిస్తావు?"

తర్వాత ఆమె నోరు దానంతట అదే కదిలింది.

*ఎడ్లు నీళ్ళు తాగాయి, బండి వంగి ఉంది,*
*తోలేవాడు ఏడని కాడి అడుగుతోంది.*
*గుమ్మం దాకా వచ్చావు, కూర్చోమన్నాం,*
*కూర్చోకుండానే చెప్పులు తొడుక్కున్నావు.*

గొంతు లేదనడానికి వీల్లేదు, అడుగున ఉంది. బావిలో నీళ్ళు ఇంకిపోయాక తడి ఇసక మిగిలినట్టు మిగిలింది. అలాంటి గరుకుని విదాద్ చెవులు ఇంతవరకూ వినలేదు. ఊళ్ళో చావుంది, పాట ఆ చావుదే, కాబట్టి ఖద్రా తన నియమమేమీ తప్పలేదు. తప్పింది విదాదే. ఆమె చెయ్యి ఒళ్ళోని సంచిలోకి పోయింది. ఇన్నేళ్ళ అలవాటున్న వేళ్ళు బొత్తాన్ని చూడకుండానే వెతుక్కుని నొక్కాయి. సంచి మూతి కొద్దిగా తెరిచి, ఖద్రా వైపు తిప్పి పెట్టుకుంది. ఖద్రా వీధి చివరికే చూస్తోంది. సబీర్ పాడె ఎత్తేదాకా, ఉమ్ హాషిం తప్పు పాడిన ప్రతి పాదాన్నీ ఆమె గడప మీద కూర్చుని సరిచేసింది.

సాయంత్రం విదాద్ గదిలో తలుపు వేసుకుని చెవులకి హెడ్‌ఫోన్లు తొడుక్కుని వింది. ఎంత బాగా వచ్చిందో! ఖద్రా ఊపిరి తీసుకునే ముందు పెదవులు విడిపడే చప్పుడు కూడా వచ్చింది. పెద్ద పెట్టెలు అన్నీ కలిసినా ఇంత రాబట్టలేవు. ముఅతజ్‌కి పంపితే ఎగిరి గంతేస్తాడు. ఆమె బొత్తాం నొక్కి ఆపేసింది. ఉమ్ హాషిం ఇంట్లో జల్లెడ ముందు మోగిన శోకం కూడా ఇలాగే, ఎవరో పక్కన కూర్చుని, మంచిగా మాట్లాడుతూ, టీ తాగుతూ పట్టిందే అయ్యుంటుంది. ఆ మనిషికీ తనకీ తేడా ఉందని ఇక అనుకోవడానికి లేదు. ఇబ్తిసామ్ భోజనానికి పిలిస్తే వెళ్ళి, దొంగకి తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా కూర్చుని, మొలోఖియా ఆకుకూర పులుసులో రొట్టె ముంచుకుని తింది. ఖద్రా తన పళ్ళెంలోని మాంసం ముక్క తీసి ఆమెకి వేసింది.

"తిను. నడుంనొప్పికి బలం కావాలి."

విదాద్ ఆ ముక్కని రొట్టెలో చుట్టుకుని తింది.

బుధవారం మధ్యాహ్నం వీధిలో హారను మోగింది. బుష్రా కారు వెనకభాగం కిందికి కుంగి, రాసుకుంటూ వచ్చి ఆగింది. పెట్టె కావాలన్న సంగతంతా విని ఊరుకునే మనిషి కాడు అతను. తన ఊరి చర్చిలో పండగ కీర్తనలు రికార్డు చేసే పాత యంత్రాన్ని ఫాదరు కాళ్ళావేళ్ళా పడి తెచ్చాడు. చిన్న బీరువా అంత యంత్రం, మోకాలెత్తు బ్యాటరీ, ఇన్వర్టరు, చిలుము పట్టిన స్టాండ్లు.

"దీన్ని ఎత్తడానికి ముగ్గురు చర్చి డీకన్లు కావాల్సొచ్చారు డాక్టరమ్మా. మధ్యలో ఒకడు ప్రార్థన మానేసి తిట్టడం మొదలెట్టాడు."

ఖద్రా మెల్లిగా లేచి వచ్చి యంత్రం చుట్టూ తిరిగింది. మూత మీద అరచెయ్యి వేసింది. వీధిలో ఆడవాళ్ళు తలుపుల దగ్గరికి వచ్చి చూస్తున్నారు. వాళ్ళందరూ చూసేదాకా ఆగింది.

"అదీ, పెట్టె అంటే ఇది," అంది. తర్వాత విదాద్ వైపు తిరిగి, "రేపు గురువారం. అందరం సమాధుల దగ్గరికి వెళ్ళే రోజు. దీన్ని అక్కడికి పట్రా. ఇంట్లో పాడను. అక్కడ పాడతా."

"ఎవరి కోసం పిన్నీ? సబీర్ కోసమా?"

"సబీర్‌కి ఎవరో పాడేశారుగా, బాగానే పాడారు పాపం," అని మూతి తిప్పింది. మెడకి చుట్టిన గుడ్డ మీద వేలు పెట్టింది. "ఇది శనివారం పోతోంది. పోయేదానికి శోకం పాడకుండా పంపిస్తానా? ఊరందరికీ పాడింది, దానికి ఎవరూ పాడకపోతే ఎట్లా?"

ఇబ్తిసామ్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బుష్రా ఛాతీ మీద సిలువ గీసుకున్నాడు.

సమాధులు పొలాలు దాటాక, కొండ కింద, ఇసక మొదలయ్యే చోట ఉన్నాయి. కారు కొంతదూరమే వెళ్ళింది. అక్కణ్ణుంచి యంత్రాన్ని బుష్రా, అతని బావమరిది మోశారు. స్టాండ్లు, వైర్ల చుట్ట విదాద్ మోసింది. వద్దన్నా మోసింది. మోస్తే కొంత శిక్ష పడ్డట్టు ఉంటుందనుకుంది కాబోలు, నడుం మాత్రం ఆ సంగతి ఒప్పుకోలేదు. నాలుగడుగులకోసారి ఆగి, కళ్ళు మూసుకుని, మళ్ళీ నడిచింది.

ఆడవాళ్ళు అప్పటికే వచ్చి తమ తమ సమాధుల దగ్గర కూర్చుని ఉన్నారు. రొట్టెలు, ఖర్జూరాలు పంచుతున్నారు. ఖద్రా తన భర్త సమాధి పక్కన చాప వేయించుకుంది. ఎవరూ దగ్గరికి రాలేదు. ఉమ్ హాషిం దూరంగా, వాళ్ళ అత్తగారి సమాధి దగ్గర వీపు తిప్పి కూర్చుంది.

విదాద్ మైకులు నిలబెట్టి, బ్యాటరీ తగిలించి, చెవులకి హెడ్‌ఫోన్లు తొడుక్కుంది. ఝుమ్మని హోరు. ఇన్వర్టరు మోత. దాన్ని దూరం జరిపింది, ప్లగ్గు తిప్పి పెట్టింది, వైరు మార్చింది. హోరు తగ్గింది కానీ పోలేదు. చర్చిలో ముప్పైమంది కలిసి కీర్తన పాడితే ఆ హోరు ఎవరికి వినపడుతుంది?

"పెట్టె సిద్ధమేనా?" అంది ఖద్రా.

"సిద్ధమే," అంది విదాద్.

ఖద్రా ముసుగు నుదుటి మీదికి లాక్కుంది. ఇబ్తిసామ్ పక్కన కూర్చుని వంతకి తయారైంది.

*నలభై ఇళ్ళ గోడలు తడిపినదానా,*
*నీ ఇంటి గోడ ఇవాళ ఎండుతోంది.*
*తల్లులు పోయినవాళ్ళకి తోడు వెళ్ళావు,*
*నీకు తోడు రావడానికి నాకు నోరేది?*

ఇబ్తిసామ్ వంత అందుకుంది, ఒక్కతే, వణుకుతూ. ఖద్రా రెండో శోకం ఎత్తింది. ఈసారి పక్క సమాధి దగ్గరి ముసలామె తలెత్తకుండానే వంత కలిపింది. తన కొడుకు కోసం కలిపిందో, ఖద్రా కోసమో. శోకం లేచాక దగ్గర్లో ఉన్నవాళ్ళు వంత పాడకుండా ఉండకూడదు, అది చచ్చినవాళ్ళకి అవమానం. ఆ సంగతి తెలిసే ఖద్రా గురువారం దాకా ఆగిందని విదాద్‌కి అప్పుడు తట్టింది. ఒక్కొక్క సమాధి దగ్గరి నుంచీ గొంతు లేస్తోంది. మూడేళ్ళుగా గుమ్మం తొక్కనివాళ్ళు ముసుగుల కింద నుంచి పలుకుతున్నారు. చివరికి ఉమ్ హాషిం వీపు కూడా ఊగడం మొదలైంది. ఆమె పెద్ద గొంతు అందరికంటే వెనక వచ్చి, అందరికంటే గట్టిగా వంత పట్టుకుంది.

ఇంత జరుగుతుంటే విదాద్ చెవుల్లో మాత్రం హోరు. వంత బాగా పడుతోంది, ఉమ్ హాషిం గొంతు గంటలా పడుతోంది. ఖద్రా పాదం మొదలుపెట్టగానే ఆ అడుగు గొంతు, ఆ తడి ఇసక, సరిగ్గా హోరు ఉన్న చోటే ఉండి మునిగిపోతోంది. మీటలు తిప్పింది. పెంచితే హోరులో గొంతు పోతోంది, తగ్గిస్తే రెండూ పోతున్నాయి. ఎల్లుండికి లేని గొంతు. సంచి ఆమె తొడ పక్కనే ఉంది. చెయ్యి పెట్టి నొక్కితే చాలు. ఆ యంత్రం చూపుకి పెద్దది, పనికి చిన్నది. పెట్టె ఊరందరికీ కనపడుతూనే ఉంది కదా, సంచిలోకి ఎవరు తొంగిచూస్తారు? మొన్న కుదిరింది, ఇవాళ కుదరదా?

కుదురుతుంది. కుదురుతుంది కాబట్టే ఆమె చెవుల మీది నుంచి హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టింది. పెద్ద యంత్రాన్ని ఆపేసింది. నేల మీద చేతులు ఆనించి, నడుం పట్టుకుని, మూలుగుతూ లేచింది. సంచిలోంచి చిన్న రికార్డరు తీసి, చాచిన అరచేతిలో అందరికీ కనపడేలా పెట్టుకుని, సమాధుల మధ్య నుంచి ఖద్రా దగ్గరికి నడిచింది. శోకం ఆగింది. ఆడవాళ్ళందరూ ముసుగులెత్తి చూశారు. ఉమ్ హాషిం "ఫోనే అది, ఫోనే!" అంది గట్టిగా.

విదాద్ చాప ముందు మోకాళ్ళ మీద కూలబడింది.

"పిన్నీ, ఆ పెట్టెలో నీ గొంతు పడట్లేదు. హోరు పడుతోంది. దీన్లో అయితే పడుతుంది." ఊపిరి తీసుకుంది. "ఎలా తెలుసంటే, మొన్న గడప మీద నువ్వు సబీర్ కోసం పాడింది ఇందులో ఉంది. అడక్కుండా తీశాను. నువ్వు నాకు మాంసం వేసినప్పుడు అది నా సంచిలోనే ఉంది. ఇదిగో. పారేస్తే పారెయ్యి."

ఖద్రా ఆమె మొహంలోకి చూసింది. అంతసేపు ఎవరైనా అలా చూస్తే తట్టుకోవడం కష్టం, అయినా విదాద్ తల దించలేదు. ఇబ్తిసామ్ ఏడుస్తోంది. కొండ మీద నుంచి వేడిగాలి దిగి రొట్టెల మీద కప్పిన గుడ్డలు లేపింది.

"నువ్వూ అంతేనా," అంది చివరికి ఖద్రా. కోపం లేదు, అలసట ఉంది. అది కోపం కంటే గట్టిగా తగిలింది. చెయ్యి చాచి రికార్డరు తీసుకుంది. బరువు చూసింది. అటూ ఇటూ తిప్పింది. "ఎక్కడుంది దీని చెవి?"

విదాద్ చూపించింది.

"ఇప్పుడు వింటోందా?"

విదాద్ బొత్తాం నొక్కింది. చిన్న ఎర్రదీపం వెలిగింది. "ఇప్పుడు వింటోంది."

ఖద్రా దాన్ని అందరికీ ఒకసారి ఎత్తి చూపించింది. పిడికిట్లో పట్టుకుని పెదవుల దగ్గర పెట్టుకుంది. ఆగిన చోటి నుంచి మళ్ళీ ఎత్తుకుంది. మొదటి వంత ఉమ్ హాషిమే పట్టింది.

పాడటం అయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఖద్రా గొంతులో ఇక గాలి తప్ప ఏమీ మిగల్లేదు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి వచ్చి ఆమె నుదుటి మీద ముద్దు పెట్టుకుని, రొట్టె ముక్క ఒళ్ళో పెట్టి వెళ్ళారు. విదాద్ చెయ్యి చాచింది, రికార్డరు ఆపడానికి. ఖద్రా ఎర్రదీపం ఆరేదాకా ఇచ్చి, మళ్ళీ వెనక్కి లాక్కుని, రికార్డరుని గుండెల దగ్గర జుబ్బాలోకి జార్చుకుంది.

"ఇది నా దగ్గరుంటుంది," అంది, పెదవుల కదలికతోనే ఎక్కువగా. "నేను పోయిన రోజు నాకెవరు పాడతారు? ఉమ్ హాషిమా? పెళ్ళిచొక్కా తొడిగి పంపిస్తుంది నన్ను."

ఉమ్ హాషిం ఏడుస్తూనే నవ్వింది. "తొడుగుతానే, నువ్వు లేచొచ్చి తిడతావని ఆశకొద్దీ తొడుగుతా."

"ఆ రోజు ఇంట్లో చావుంటుంది. అప్పుడు దీన్ని మోగించొచ్చు. అందులో తప్పు లేదు. ఎంత చిన్నది, చూడు, తలగడ కింద పడుంటుంది." విదాద్ మోకాలి మీద చెయ్యి వేసింది. "వెళ్ళేముందు ఇబ్తిసామ్‌కి నేర్పించి వెళ్ళు."

విదాద్ చేతుల్లో ఇక పాత యంత్రం పట్టిన కాస్త హోరు తప్ప ఏమీ లేదు. కైరోలో ఏం చెప్పాలో రైల్లో ఆలోచించుకోవచ్చు అనుకుంది. యంత్రాన్ని బుష్రావాళ్ళు కారెక్కించారు.

సాయంత్రం ఇంటి వాకిట్లో ఇబ్తిసామ్ రికార్డరుని దగ్గరికి రానివ్వలేదు. చేతులు వీపు వెనక దాచుకుంది. ఖద్రా కళ్ళురిమితే భయపడుతూ వచ్చి కూర్చుంది. విదాద్ ఆమె వేలు పట్టుకుని ఒక్కొక్క బొత్తాం మీదా ఆనించింది.

"ఇది నొక్కితే లేస్తుంది. ఇది నొక్కితే మోగుతుంది. ఇది గట్టిగా వినపడ్డానికి. నెలకోసారి ఈ వైరు పెట్టి ఛార్జింగ్ చెయ్యి. నొక్కకు! ఊరికే ఆనించు."

"నొక్కి చూడకుండా వచ్చిందో రాలేదో ఎట్లా తెలుస్తుంది వదినా?"

ఆ ప్రశ్న విదాద్‌ది కూడా. ఎక్కడ రికార్డు చేసినా వెంటనే విని సరిచూసుకోకుండా ఆమె ఎన్నడూ మూత వెయ్యలేదు. పొద్దున్న గాలి తగిలి పాడైందేమో, పిడికిలి రాసుకుని చప్పుడు పడిందేమో, ఇప్పుడు ఈ వాకిట్లో చెవులకి తొడుక్కుని కూడా వినడానికి లేదు. ఇంట్లో అందరూ బతికే ఉన్నారు.

"తెలీదు," అంది.

మంచం మీది నుంచి ఖద్రా చూస్తోంది. గొంతు లేక, చేత్తో సైగ చేసింది, మళ్ళీ చూపించమని. విదాద్ ఇబ్తిసామ్ వేలు పట్టుకుని మొదటి బొత్తాం దగ్గరికి తీసుకెళ్ళి, నొక్కకుండా, మళ్ళీ మొదలుపెట్టింది.